కొమ్మ కన్నా మొదలు ముఖ్యం

గడ్డకట్టే చలి రాబోతోందన్న హెచ్చరిక వెలువడిన ప్రతిసారీ టెక్సాస్‌లోని తెలుగువారి పెరళ్లలో ఒకే దృశ్యం కనిపిస్తుంది: కరివేపాకు చెట్టు తల నిండా పాలిథిన్ సంచి తొడిగి, దాని మూతిని కాండం చుట్టూ తాడుతో బిగించి కడతారు. నారింజ జాతి చెట్లకు గ్రీనింగ్ తెగులును మోసుకువచ్చే సిల్లా పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది గనుక, అమెరికాలో ఈ ఆకు దిగుమతిపైనా, తెగులు ఉన్న ప్రాంతాల నుంచి మొక్కల తరలింపుపైనా ఆంక్షలున్నాయి. అలాంటి చోట పెరట్లో ఏళ్ల తరబడి పెంచిన చెట్టుపై ఇంటివారికి ఉండే మమకారం ఇంతా అంతా కాదు. అంత మమకారంతో చేసే పని చెట్టుకు అక్కరకు రాకపోవడమే బాధ కలిగిస్తుంది.

పగలు ఎండ నుంచి నేల దాచుకున్న వేడి, గాలి కదలని నిర్మలమైన రాత్రివేళ ఆకాశంలోకి వెళ్లిపోవడం వల్ల నేలను ఆనుకుని ఉన్న గాలి చల్లబడి మంచు పడుతుంది. దీనినే వికిరణ తుషారం అంటారు. ఆ రాత్రి చెట్టుకు అందగల కొద్దిపాటి వేడి నేల నుంచే రావాలి కాబట్టి, మూతి బిగించిన సంచి ఆ వేడిని లోపలికి రానివ్వకుండా బయటే ఆపేస్తుంది. పైగా పాలిథిన్ తగిలిన ఆకు ముందుగా మాడుతుంది, మర్నాడు ఎండెక్కేసరికి మిగిలినది ఉడుకుతుంది. కొమ్మలకు తగలకుండా నాలుగు కర్రలు పాతి, వాటి మీద పాత దుప్పటి పరిచి, అంచులను నేల దాకా జారవిడిచి, ఎగిరిపోకుండా ఇటుకలు పెట్టడం సరైన పద్ధతి. తడి నేల పొడి నేల కన్నా ఎక్కువ వేడిని నిలుపుకుంటుంది గనుక ముందురోజే మొదట్లో నీరు పెట్టాలి.

అయితే సరిగ్గా కప్పిన దుప్పటి సైతం అన్ని చలులకూ చాలదని 2021 ఫిబ్రవరి రుజువు చేసింది. అప్పుడు వచ్చినది నేల చల్లారడం వల్ల పుట్టిన మంచు కాదు, ఉత్తర ధ్రువం వైపు నుంచి గాలి మోసుకొచ్చి రోజుల తరబడి నిలిపిన చలి. ఫిబ్రవరి 16న డాలస్‌లో ఉష్ణోగ్రత సుమారు మైనస్ 19 డిగ్రీల సెల్సియస్‌కు, హ్యూస్టన్‌లో మైనస్ 10 కిందికి పడిపోయింది. లక్షల ఇళ్లకు కరెంటు పోవడంతో, దుప్పటి కింద బల్బు వెలిగించే పాత ఉపాయమూ ఎందరికో అక్కరకు రాలేదు.

ఇలాంటి చలికి జవాబు కోసం ఫ్లోరిడా నారింజ రైతుల చరిత్రను తిరగేయాలి. 1894 డిసెంబరు చివర పడిన చలికి ఆ రాష్ట్రంలో కాయలు గడ్డకట్టి, ఆకులు రాలాయి గాని చెట్లు చాలావరకు బతికాయి. తరువాతి వారాలు వెచ్చగా ఉండడంతో చెట్లలో రసం కదిలి లేత చిగుళ్లు వేశాయి. సరిగ్గా ఆ స్థితిలో 1895 ఫిబ్రవరి రెండో వారంలో మళ్లీ విరుచుకుపడిన చలికి అవే చెట్లు నేలమట్టం దాకా చచ్చిపోయాయి. మొక్కను చంపేది చలి ఒక్కటే కాదనీ, చలి వచ్చేనాటికి మొక్క నిద్రలో ఉందా, లేచి ఉందా అన్నదీ లెక్కలోకి వస్తుందనీ ఈ రెండు దెబ్బలు చెబుతున్నాయి. కణాల మధ్య ఖాళీల్లో ఏర్పడే మంచు కణాల లోపలి నీటిని బయటికి లాగేస్తుంది. రసం నిండిన లేత కణాలు ఆ లాగుడుకు తట్టుకోలేవు.

ఫ్లోరిడా రైతులు చలికాలం ముందు ఒక పని చేసేవారు. మొక్క మొదట్లో, అంటు కట్టిన చోటు మునిగేలా మట్టి ఎగదోసి, వసంతంలో బెరడు కుళ్లకుండా ఆ మట్టిని తీసేసేవారు. పైకొమ్మలన్నీ పోయినా మట్టిలో దాగిన అంటు బతికితే మళ్లీ మేలిరకపు కొమ్మే లేస్తుంది. అంటు చచ్చి కింది వేరుమూలం మాత్రమే మిగిలితే పుల్లని నారింజ వంటి కాయే గతి. ఆకుల కోసం ఆరాటపడకుండా మొదలును కాపాడుకున్న ఆ రైతుల వివేకం గొప్పది.

కరివేపాకు కూడా నారింజ కుటుంబానిదే, పైగా అంటు బెడద లేనిది. గింజ నుంచి పెరిగిన చెట్టు కనుక వేరు నుంచి లేచే ప్రతి పిలకా అసలు కరివేపాకే అవుతుంది. అందుచేత హ్యూస్టన్ వంటి చోట్ల దుప్పటి కన్నా మొదట్లో జానెడు ఎత్తున పరిచే ఎండుటాకులు, గడ్డి ఎక్కువ విలువైనవి. పైకొమ్మలను చలికి వదిలేయడానికి మనసు సిద్ధపడాలి. డాలస్ చలికి మాత్రం ఇంట్లోకి మార్చగల కుండీయే మేలు. నాలుగు వైపుల నుంచీ చలి చొరబడే కుండీలో వేరు నేలలో కన్నా త్వరగా గడ్డకడుతుంది కాబట్టి, హెచ్చరిక రాగానే దాన్ని ఇంట్లోకి చేర్చాలి.

చలి తగ్గగానే నల్లబడిన కొమ్మలను చూడలేక కత్తెర పట్టడం, ఓదార్పుగా ఎరువు వేయడం రెండూ చిగురును తొందరపెట్టి, 1895 నాటి స్థితినే పెరట్లోకి తెస్తాయి. మంచు పడే రోజులు పూర్తిగా గడిచేదాకా ఎండు కొమ్మలను అలాగే ఉంచాలి. ఆ తరువాత బెరడును గోటితో గీరి, లోపల ఆకుపచ్చ పొర ఎక్కడ మొదలవుతుందో చూసుకుని, దానికి కాస్త పైన కోయాలి. ఎక్కడా పచ్చదనం కనిపించకపోయినా, నేల బాగా వేడెక్కి పిలకలు వచ్చే అవకాశం తీరిపోయేదాకా చెట్టును పెకలించకూడదు.