మిక్సింగ్ రూమ్‌కి సర్వర్

బందరులో గానీ గుడివాడలో గానీ పెళ్లి వీడియోలు తీసే కుర్రాళ్లు మిక్సింగ్‌కి కొత్త సర్వర్ కొనాలనుకుంటే, ముందుగా అడిగేది గ్రాఫిక్స్ కార్డు గురించే. నేను కెమెరా తెచ్చి చూపించమంటాను. అందులోంచి వచ్చే ఫైలు ఎలాంటిదో తెలిస్తేనే ఏ మెషీన్ కావాలో తేలుతుంది.

ఇప్పటి కెమెరాలు చాలావాటిలో 4కె వీడియోని హెచ్.265లో, 10 బిట్, 4:2:2 రంగుతో తీస్తున్నారు. ఈ రకం ఫైలుని విప్పే ఏర్పాటు ఇంటెల్ 12, 13, 14వ తరం ప్రాసెసర్లలోని గ్రాఫిక్స్‌లో ఉంది. ఎన్విడియా గేమింగ్ కార్డుల్లోకి అది 2025లో వచ్చిన 50 సిరీస్‌తో గానీ రాలేదు. అంతకుముందు కార్డు ఎంత పోసి కొన్నా, ఈ ఫైళ్ల భారం ప్రాసెసర్ మీదే పడి తలంబ్రాల సీను ఆగి ఆగి కదులుతుంది. పేరు చివర ‘ఎఫ్’ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్‌లో ఆ గ్రాఫిక్సే పనిచేయదు. కాస్త చవకని అది తీసుకోవద్దు.

ఇక డిస్కులు. డబ్బు ముందు వీటికి తీసి పక్కన పెట్టాలని నా పట్టు. సెకనుకి 100 మెగాబిట్లు రాసే కెమెరా గంటకి 45 జీబీ నింపుతుంది. మూడు కెమెరాలు ఆరు గంటలు తిరిగితే 810 జీబీ, అదీ ఒక్క పెళ్లికి. మాఘమాసంలో ముహూర్తాలు వరస కడితే ఎంతవుతుందో చూసుకోండి. పనిలో ఉన్న పెళ్లి ఎస్ఎస్‌డీ మీద, మిగతావి జంట హార్డ్ డిస్కుల మీద రైడ్-1లో, అంటే రెండిట్లోనూ ఒకటే రాసేలా, పెట్టాలి. ఒక డిస్కు పోయినా పని ఆగదు. కానీ ఎవరైనా పొరపాటున ఫోల్డర్ చెరిపేస్తే రెండిట్లోనూ ఒకేసారి పోతుంది. అందుకని విడిగా ఇంకో కాపీ ఉండి తీరాలి. పెళ్లయిన ఏడాదికే పోయిన తాతగారి గొంతు ఆ ఫుటేజ్‌లో మాత్రమే మిగిలిన ఇళ్లు నాకు తెలుసు.

ఆ కాపీ ఇంకో ఊళ్లో ఉండాలి. 1864లో బందరుని, 1977 నవంబరు 19న దివిసీమని ఉప్పెన ముంచేసింది. బందరు, అవనిగడ్డ స్టూడియోల వాళ్లు గుడివాడలో తెలిసినవాళ్ల దగ్గర ఒక డిస్కు ఉంచుకోవడం మేలు.

తీరాన ఉప్పుగాలికి కాంటాక్టులు తుప్పు పడతాయి. సర్వర్‌ని కిటికీ పక్కన పెట్టకుండా మూసిన ఏసీ గదిలో పెట్టండి. యూపీఎస్‌కీ సర్వర్‌కీ మధ్య యూఎస్‌బీ కేబుల్ కలిపి, కరెంటు పోయి బ్యాటరీ తగ్గగానే మెషీన్ దానంతటదే ఆగేలా సెట్ చేయించండి. డబ్బు కట్టేముందు షాపులోనే ఒకసారి ప్లగ్ తీయించి అది ఆగుతుందో లేదో చూడండి.