కొండమీది పొరుగువాని గూర్చి ఒక పుస్తకము



గోదావరి ఎక్కడ ముగియునో మన కోనసీమలో చిన్నపిల్లలకును తెలియును. అంతర్వేది యొద్ద అది సముద్రములో కలియుట మనము చూచినదే. అయితే ఆ నీరు మన కాలువలకు రాకమునుపు ఎవరి గుమ్మముల ముందుగా పారుచున్నదో మనలో అనేకులము ఎన్నడును అడిగి యుండలేదు. పాపికొండలలో నదికి ఇరుప్రక్కల కొండరెడ్లు అనబడు జనులు తరతరములుగా కాపురమున్నారు. వారి మాట మన తెలుగే. వారిని గూర్చి వ్రాయబడిన ఒక పాత పుస్తకమును ఈ నెల మీ యెదుట పెట్టి, దాని మంచిచెడ్డలను మీతో కలిసి విచారింప గోరుచున్నాను.

ఆ గ్రంథకర్త పేరు క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్. 1909లో వియన్నా నగరమున పుట్టిన మానవశాస్త్ర పండితుడు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఆయన హైదరాబాదు సంస్థానములో ఉండిపోవలసి వచ్చెను. ఆ దినములలో చెంచుల యొద్దను, కొండరెడ్ల యొద్దను, రాజగోండుల యొద్దను నివసించి, ఒక్కొక్క జనమును గూర్చి ఒక్కొక్క గ్రంథము వ్రాసెను. కొండరెడ్లను గూర్చినది 1945లో అచ్చయినది. దానికి ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ అని పేరు. అనగా అడవిదున్నల కొండలలోని రెడ్లు అని అర్థము.

ఈ పుస్తకములోని మొదటి మేలును చెప్పవలెననిన నా తప్పును ముందుగా ఒప్పుకొనవలెను. కొన్ని యేండ్ల క్రిందట ఒక ఆదివారము నేను సోమరితనమును గూర్చి ప్రసంగించుచు, కొండవారిని దృష్టాంతముగా తెచ్చితిని. అడవిని తగులబెట్టి నాలుగు గింజలు చల్లి నిద్రపోవువారని అంటిని. సంఘము నవ్వెను. నాకును ఆ నవ్వు బాగుగానే యుండెను. అప్పటికి నేను ఏ కొండరెడ్డి పొలమును కంట చూచినవాడను కాను.

పోడు వ్యవసాయము ఎట్టిదో ఈ గ్రంథము చదివినవారు మరల అట్టి మాట అనలేరు. వేసవిలో కొండవాలున చెట్టుచేమలు నరికి, ఎండిన పిమ్మట కాల్చుదురు. తొలకరికి ఆ బూడిదనేలలో కర్రతో గుంటలు పొడిచి విత్తుదురు. జొన్న, సామ, కొర్ర, కంది మొదలగునవి వేయుదురు. ఒక పైరు పోయినను మరియొకటి నిలుచునను ఆశ. పంట చేతికి వచ్చువరకు పిట్టలను, అడవిపందులను తోలుచు రాత్రింబగళ్లు కావలి కాయవలెను. రెండు మూడేండ్లైన తరువాత ఆ నేలను అడవికే విడిచిపెట్టి వేరొక చోటికి పోవుదురు. గింజలు నిండుకొనిన నెలలలో మామిడి టెంకలలోని జీడిని పిండిచేసి అంబలి కాచుకొందురు. జీలుగు చెట్టు కల్లు వారికి ఆకలి తీర్చును. ఇది సోమరుల బ్రదుకా? నడుము వంచకుండ కొబ్బరికాయ రాలునంతవరకు అరుగుమీద కూర్చుండగల మనము ఆ మాట అనదగినవారమా?

ఈ పద్ధతి నిలుచుటకు విశాలమైన అడవి కావలెను. సర్కారు అడవులకు హద్దులు ఏర్పడి, పోడు వేయదగిన చోట్లు తగ్గినప్పుడు, విడిచిన నేలకు విశ్రాంతి చాలక, అడవి పెరుగకముందే మరల నరకవలసి వచ్చును. అప్పుడు నేల చచ్చును. ఆ పిమ్మట పల్లపువారము వచ్చి, వీరు అడవిని పాడుచేసిరని నేరము మోపుదుము.

రెండవ మేలు దీనికంటె గొప్పది. కొండల పైభాగమున నున్నవారికిని, నది ఒడ్డున నున్నవారికిని గల భేదమును గ్రంథకర్త చూపించెను. ఏటి ఒడ్డువారు పల్లపువారికి దగ్గర గనుక బాగుపడి యుందురని మనము తలంతుము. జరిగినది వేరు. కలప వ్యాపారులు బయానా ఇచ్చి వారిచేత వెదురు, కలప కొట్టించిరి; అప్పు తీరక కూలికి కట్టుబడినవారు అనేకులు. ఆ వెదురే తెప్పలుగా కట్టబడి గోదావరి మీదుగా క్రిందికి వచ్చెడిది. నా చిన్నతనమున మా గుడి పందిరికి వెదురు బొంగులు తెచ్చినప్పుడు, ఇవి ఎక్కడివని అడిగితే, గోదారి తెచ్చిందిరా అని మా నాయన చెప్పెను. గోదావరి తెచ్చిన మాట నిజమే. కొట్టినవాడెవడో మేము అడుగలేదు.

ఈ అప్పుల కథ అంతకుముందు నుండియు ఉన్నదే. 1879లో రంప ప్రాంతమున లేచిన తిరుగుబాటుకు కారణములలో, కల్లుమీద వేసిన పన్నులును, పల్లపు వర్తకులు తమ కోర్టులలో తెచ్చుకొనిన డిక్రీలును ఉన్నవి. కొండవాడు కోర్టుకు రాలేడు, కాగితము చదువలేడు. అతని పశువులు మాత్రము జప్తైపోయెను.

ఇక ఈ గ్రంథములోని లోపములు. మొదటిది పేరులోనే యున్నది. బైసన్ హిల్స్ అనుట ఆ కొండలలో పుట్టినవాని మాట కాదు, ఇంగ్లీషువాడు పెట్టిన పేరు. తెలుగు మాటలాడు జనులను గూర్చి ఇంగ్లీషులో వ్రాయుట పండితుని అవసరము కావచ్చును. అయితే అందువలన ఆ పుస్తకమును ముందుగా చదివినవారు అధికారులే గాని రెడ్లు కారు. రెండవది, గ్రంథకర్త వారిని ప్రేమించెను, వారి పక్షమున సర్కారుతో మాటలాడెను; అయినను ఆయన కోరిన మందు పైనుండి దిగవలసిన కాపుదల. ఆ కాపుదల ఎట్టిదై యుండవలెనో చెప్పుట రెడ్లకే విడువబడలేదు. 1982లో ఆయన ప్రకటించిన మరియొక గ్రంథములో, తాను ఎరిగిన ఆదిలాబాదు గోండుల భూములు చట్టములున్నను అన్యుల చేతులలోనికి పోయెనని దుఃఖముతో వ్రాసెను. పైనుండి ఇచ్చిన కాపుదల పైవాడు కన్ను త్రిప్పినప్పుడు పోవునని ఆయన వ్రాతయే సాక్ష్యమిచ్చుచున్నది.

మార్పు చెడ్డదని నేను చెప్పుటలేదు. బడి మార్పే, మందు మార్పే, దారి మార్పే. అడుగక చేసిన మార్పునే నేను తప్పనుచున్నాను. 2014లో పోలవరము జాతీయ ప్రాజెక్టాయెను. అదే సంవత్సరము ముంపు మండలములు తెలంగాణమునుండి మన రాష్ట్రమునకు మార్చబడెను. 2021లో నదిని స్పిల్‌వే మీదుగా మళ్లించిరి. 2022 జూలై వరదలో ముంపు గ్రామములు అనేకము నీట మునిగెను. కొండరెడ్లును కోయలును ఇండ్లు విడిచి కాలనీలకు తరలవలసి వచ్చిరి. మన డెల్టా ఆయకట్టు స్థిరపడుట ఆ ప్రాజెక్టు ఉద్దేశములలో ఒకటి. అనగా ఈ కథలో మనము చూచువారము మాత్రమే కాము, లాభము పొందువారము.

నష్టపరిహారము ఇచ్చిరి గదా అని మీరందురేమో. నాబోతు కథను తలంచుకొనుడి. అహాబు కూడ మొదట మంచి వెల యిత్తుననియే అడిగెను. నాబోతు చూచినది వెలను కాదు, పితరుల స్వాస్థ్యమును. 1995లో పాశర్లపూడిలో గ్యాసుబావి మండినప్పుడు రాత్రికి రాత్రి ఇండ్లు విడిచి పరుగెత్తిన కుటుంబములు మనలో ఉన్నవి. లంకలలో ఏటికి కోసుకుపోయిన కొబ్బరితోటను తలచి నేటికిని కన్నీరు పెట్టుకొను పెద్దలు ఉన్నారు. వారిని అడుగుడి, డబ్బు ఇచ్చిన యెడల ఊరు తిరిగి వచ్చునా అని.

కావున ఈ పుస్తకమును ఎవరైనను చదివి వినిపించగలిగిన యెడల వినుడి. వినునప్పుడు మూడు ప్రశ్నలు అడుగుడి. మార్చినది ఎవరు? లాభపడినది ఎవరు? మారినవానిని ఎవరైన అడిగిరా? పాపికొండలు చూడబోయి, పేరంటాలపల్లి రేవులో వెదురు పూలు బేరమాడి కొన్నవారు మనలో ఉన్నారు. ఇకమీదట పోవువారు బేరము కొంత తగ్గించి, ఆ అమ్మిన తల్లి పేరు అడిగి తెలిసికొనుడి. నేనైతే నా పాత ప్రసంగపు కాగితమును తీసి, ఆ దృష్టాంతమును కొట్టివేసితిని. నవ్విన సంఘము యెదుటనే నిలువబడి అది తప్పని చెప్పితిని. ఈసారి ఎవరును నవ్వలేదు.