ఒకే అక్షరం, రెండు సంస్థలు: లోగోల పోలికపై ఒక పరిశీలన

లోగో ఎలా ఉందని అడిగితే మనం సాధారణంగా దాని అందం గురించే చెబుతాం. విమర్శ అక్కడితో ఆగకూడదు. ఒక సంస్థను మరొక సంస్థ నుంచి వేరుగా గుర్తుపట్టేలా చేయడం లోగో మొదటి పని. ఈ ప్రమాణంతో ఒక ఉదాహరణను పరిశీలిద్దాం.

అమెరికాలోని ఎన్‌బీసీ టెలివిజన్ సంస్థ 1956లో రంగుల ప్రసారాలకు గుర్తుగా నెమలి బొమ్మను ప్రవేశపెట్టింది. 1976 జనవరిలో నెమలిని పక్కన పెట్టి, ఎరుపు, నీలం రంగుల రెండు సమలంబ చతుర్భుజాలతో కూర్చిన ‘ఎన్’ అక్షరాన్ని లోగోగా ప్రకటించింది. పేరున్న రూపకల్పన సంస్థ చేత భారీ ఖర్చుతో చేయించిన లోగో అది. అయితే నెబ్రాస్కా రాష్ట్ర విద్యా టెలివిజన్ సంస్థ దాదాపు అలాంటి ‘ఎన్’నే అప్పటికే వాడుతోంది. అది పూర్తిగా ఎరుపు రంగులో ఉండటమే తేడా. దాన్ని ఆ సంస్థలోని చిత్రకారుడే అతి తక్కువ ఖర్చుతో గీశాడు. వివాదం కోర్టుకు వెళ్లి రాజీతో ముగిసింది. ఎన్‌బీసీ 8 లక్షల డాలర్లకు పైగా విలువైన పరికరాలు, కొత్త లోగో ఖర్చుల కోసం 55 వేల డాలర్లు ఇచ్చి ‘ఎన్’ను దక్కించుకుంది.

ఇది చౌర్యమా? పోలిక ఉన్నంత మాత్రాన అలా అనలేం. ఒక అక్షరాన్ని రెండు మూడు ఆకారాలకు కుదిస్తే మిగిలే రూపాలు కొన్నే. ఇద్దరు చిత్రకారులు విడివిడిగా ఒకే రూపానికి చేరవచ్చు. అందుకే రూపం ఎంత సరళమైతే, అది ముందే ఎవరి దగ్గరైనా ఉందేమోనని అంత విస్తృతంగా వెతకాలి. నా అభిప్రాయంలో ఎన్‌బీసీ లోపం గీతలో లేదు, ఈ వెతుకులాటలో ఉంది.

రంగు వేరు కదా అని మీరు అడగవచ్చు. నలుపు తెలుపు టీవీలో ఆ తేడా ఏపాటిది? పైగా ప్రేక్షకుడు రెండు లోగోలను పక్కపక్కన పెట్టి చూడడు. మన సుప్రీంకోర్టు కూడా 1962లో ‘అమృతధార’, ‘లక్ష్మణధార’ అనే మందుల పేర్ల వివాదంలో, అసంపూర్ణమైన జ్ఞాపకంతో వచ్చే సాధారణ కొనుగోలుదారు దృష్టినే కొలమానంగా తీసుకుంది.

రీబ్రాండింగ్‌లోని అసలు సవాలు కూడా ఈ జ్ఞాపకమే. 1979లో ఎన్‌బీసీ నెమలిని మళ్లీ తెచ్చి ‘ఎన్’తో జతచేసింది. 1986లో ‘ఎన్’ను తీసేసి, ఆరు ఈకల నెమలిని ఉంచింది. డబ్బిచ్చి దక్కించుకున్న అక్షరం పోయింది, వద్దనుకున్న నెమలి నిలిచింది. కాబట్టి కొత్త లోగో ఇతరుల గుర్తులతోనే కాదు, ప్రజల మనసులో నిలిచిన తన పాత గుర్తుతో కూడా పోటీపడాలి.

ఆలోచించండి: మీకు తెలిసిన ఒక సంస్థ మార్చిన లోగోను తీసుకోండి. పాతదాన్ని చూడకుండా కాగితంపై గీయండి. మీకు గుర్తున్నదేమిటి? కొత్త లోగోలో అది మిగిలిందా?