వెదకు పద్ధతికి పరీక్ష: క్రాన్‌ఫీల్డ్ ప్రయోగముల గుణదోషములు

వేలకొలది వ్యాసములు గల విజ్ఞాన భాండారమునుండి మనకు కావలసిన నాలుగింటిని వెదకి తెచ్చు పనిని నేడు కంప్యూటరు చేయుచున్నది. ఆ వెదకు పద్ధతిని సవరించుటకు మార్గములు పెక్కు కలవు. పర్యాయపదములను చేర్చవచ్చును, ఒక మాట యొక్క వివిధ రూపములను ఒక్కటిగా లెక్కింపవచ్చును, శీర్షికలోని మాటకు ఎక్కువ విలువ నీయవచ్చును. సవరించిన పిదప రెండు మూడు ప్రశ్నలు వేసి చూచి, ఫలితము మెరుగైనదని చెప్పుట పరిపాటి. ఇది శాస్త్రీయమైన పరీక్ష కాదు. మరి శాస్త్రీయమైన పరీక్ష ఎట్లుండవలెను? ఈ విషయమున పెద్ద యెత్తున జరిగిన తొలి ప్రయత్నములలో ఇంగ్లండులోని క్రాన్‌ఫీల్డ్ ప్రయోగములు ముఖ్యమైనవి. వాని గుణములనేగాక దోషములను కూడ మనము తెలిసికొనవలెను.

ముందుగా రెండు కొలతలు. ఒక భాండారములో 1,000 వ్యాసములున్నవనుకొందము. మన ప్రశ్నకు పనికివచ్చునవి వానిలో 20. యంత్రము 10 వ్యాసములను తెచ్చెను. అందు 8 పనికివచ్చినవి. కావలసిన 20లో 8 దొరికినవి గనుక సమగ్రత 40 శాతము. తెచ్చిన 10లో 8 సరియైనవి గనుక నిర్దిష్టత 80 శాతము. వీనినే ఆంగ్లమున రీకాల్, ప్రెసిషన్ అందురు. ఇప్పుడు పర్యాయపదములను చేర్చి వెదకితిమి. 50 వ్యాసములు వచ్చెను. అందు 16 పనికివచ్చినవి. సమగ్రత 80 శాతమునకు పెరిగెను; నిర్దిష్టత 32 శాతమునకు పడిపోయెను. మొదటి కొలతను మాత్రమే చూపి, ఫలితము రెట్టింపైనదనువాని మాట సగమే సత్యము.

సిరిల్ క్లెవర్‌డన్ క్రాన్‌ఫీల్డ్ వైమానిక కళాశాలలో గ్రంథాలయాధికారిగా పనిచేసిరి. ఆయన మొదటి ప్రయోగమున 18,000 పత్రములకు నాలుగు విధములుగా సూచికలు తయారుచేసి పోల్చిరి. దాని ఫలితములు 1962లో వెలువడెను. ఆ నాలుగింటిలో ఒకటి, విషయమును పలు ముఖములుగా విడదీయు వర్గీకరణము. మదరాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా పనిచేసిన ఎస్. ఆర్. రంగనాథన్ గారి భావములే దానికి మూలము.

ఈ ప్రయోగమున ఒక పెద్ద లోపము కలదు. భాండారములోని పత్రమునే ఆధారముగా తీసికొని ప్రశ్నను తయారుచేసి, ఆ పత్రము తిరిగి దొరకునా యని పరీక్షించిరి. అట్టి ప్రశ్నలోని మాటలు పత్రములోని మాటలకు దగ్గరగా నుండుట సహజము. పాఠము చివరనున్న ప్రశ్నలనే పరీక్షలో ఇచ్చి, విద్యార్థి తెలివిని కొలిచినట్లే కదా! డాన్ స్వాన్సన్ మున్నగువారు ఈ విషయమును విమర్శించిరి.

1966లో వెలువడిన రెండవ ప్రయోగము ఇంతకంటె జాగ్రత్తగా జరిగినది. ఇందు 1,400 పత్రములు, 221 ప్రశ్నలు వాడిరి. పరిశోధకులనే పిలిచి, తమ పరిశోధనకు మూలమైన ప్రశ్న ఏదో చెప్పుమనిరి. ఏ పత్రము దానికి ఎంతవరకు పనికివచ్చునో కూడ వారే నిర్ణయించిరి. 33 సూచీభాషలను పోల్చగా, పత్రములోని విడిమాటలను ఉన్నవున్నట్లు వాడిన సులభ పద్ధతి, నిపుణులు శ్రమించి కూర్చిన పదజాలములలో పెక్కింటిని మించెను. ఇది క్లెవర్‌డన్‌కే ఆశ్చర్యము గొలిపెను.

అయినను తొందరపడరాదు. మాటల రూపభేదములను కలిపిన పద్ధతికి ఆ ప్రయోగపు కొలతలో 65.82 వచ్చెను, మాటలను ఉన్నవున్నట్లు వాడిన పద్ధతికి 65.00. మొదటిది గెలిచెననుట సులభము. కాని తేడా ఒక్క పాయింటైనను లేదు. పైగా ఇవి సగటులు. కొన్ని ప్రశ్నలకు ఫలితము బాగుపడి, కొన్నింటికి చెడినను, సగటు కదలక నిలువవచ్చును.

ఒక భాషలో, ఒక శాస్త్రమున వచ్చిన ఫలితము అంతటను చెల్లునని కూడ అనుకొనరాదు. తెలుగునే చూడుడు. చెట్టు, చెట్లు, చెట్లకు, చెట్టునందు — ఇట్లు ఒకే మాట అనేక రూపములు దాల్చును. వీనిని కలుపనిచో కావలసిన వ్యాసములు చేజారును. అట్లని మొదటి అక్షరములు పోలిన మాటలనెల్ల కలిపివేసినచో, కాలును గూర్చి వెదకువానికి కాలువలు కూడ వచ్చి చేరును. ఇందలి లాభనష్టములను తెలుగు వ్యాసములతో, తెలుగు పాఠకుల ప్రశ్నలతో కొలిచియే తేల్చవలెను.

క్రాన్‌ఫీల్డ్ ప్రయోగములు మిగిల్చిన ఆస్తి ఆ అంకెలు కావు, ఆ విధానము. వ్యాసములు అవియే, ప్రశ్నలు అవియే, ఏది సరియైనదో తీర్పును అదియే. వెదకు పద్ధతి మాత్రమే మారవలెను. భౌతిక ప్రయోగశాలలో మనము పాటించు నియమమే ఇది. అమెరికాలో 1992లో ఆరంభమైన ట్రెక్ పరీక్షలును ఈ బాటనే నడచినవి. దీనికి మరి రెండు జాగ్రత్తలను చేర్చవలెను. సవరణకు వాడిన ప్రశ్నలను తీర్పునకు వాడరాదు. ఎవరికొరకు వెదకుచున్నామో ముందే చెప్పవలెను: పేటెంటును పరిశీలించు అధికారికి ఒక్క పత్రము తప్పిపోయినను నష్టమే, గ్రహణమును గూర్చి చదువదలచిన విద్యార్థికి మంచి వ్యాసములు రెండు దొరికినను చాలును.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చేయించవచ్చును. నూరు చిన్న వ్యాసములు, పది ప్రశ్నలు చాలును. ప్రశ్నలను ఆ వ్యాసములు చూడని విద్యార్థులు వ్రాయవలెను. జవాబులను మరికొందరు ముందుగానే నిర్ణయింపవలెను. అటుపిమ్మట వెదకు పద్ధతిని మార్చి, రెండు కొలతలను పక్కపక్కన వ్రాయుడు. మెరుగైనదను మాటకు అప్పుడు అర్థము కలుగును.