ఉప్పాడా, నీ తీరమేదీ!

ఆషాఢమేఘం కాకినాడ మీద కుండపోతగా కురుస్తోంది. వాకలపూడి దీపస్తంభం దాటి ఉప్పాడ దారి పట్టేసరికి నింగికీ నీటికీ నడుమ గీత చెరిగిపోయింది. కట్టగా పోసిన నల్లరాళ్లను దూకి కెరటాలు రోడ్డు మీద నురుగులు కక్కుతున్నాయి.

ఇదేనా నా బాల్యం పరుగులు తీసిన తీరం? మొగలిపొదల ఘుమఘుమలను ఏ అల మింగింది? సరుగుడుతోపుల ఈలపాట ఏ హోరులో కలిసింది? ఎర్రపీతల వెంటపడి అలసి, నావ నీడన సొమ్మసిల్లి, వల అల్లుకునే తాతల ఊసులు విన్న ఇసుకమేట ఎక్కడ? ఆనాడు సంద్రాన్ని చూడాలంటే ఇసుకలో చాలా దూరం నడవాలి. ఈనాడు సంద్రమే గుమ్మాల దాకా నడిచి వస్తోంది!

గోదారి తల్లి మోసుకొచ్చిన ఒండ్రుతో మేటవేసిన హోప్ ఐలాండ్ కాకినాడ రేవుకు కాపు కాస్తోంది. ఆ మరుగు దక్కని ఉప్పాడ రొమ్ము మీదే అలల పోట్లన్నీ. ఎగువ ఆనకట్టల దగ్గర ఒండ్రు ఆగిపోతే, కోతపడిన ఒడ్డు పూడేదెలా? రాళ్లు పోశారు, ఇసుక నింపిన జియోట్యూబులు పరిచారు. తుఫాన్లు వాటినీ చీల్చాయి.

ఇక్కడి నేతగాళ్లు మగ్గానికి ఇద్దరేసి కూర్చుని, పోగుపోగునా బుటాలు పొదిగి, ముందూ వెనకా ఒకే సొగసు పూయిస్తారు. ఆ జాందానీ చీరకు 2009లో భౌగోళిక గుర్తింపు దక్కింది. చీరకు పేరిచ్చిన ఊరికి మాత్రం భూమి మీద చోటు కరువవుతోంది. ముసురు పడితే గుంటమగ్గంలో ఊట ఊరుతుంది. నేత ఆగుతుంది, పొయ్యి చల్లారుతుంది.

చేపల వేటవిరామం జూన్ 14తో ముగిసినా, వాయుగుండం భయానికి నావలు కదల్లేదు. పట్టా కప్పుకుని కూర్చున్న మామ్మను, "ఇల్లెక్కడ మామ్మా?" అనడిగాను. "అదిగో బాబూ, ఆ కెరటం ఇరిగే సోట" అంది. "గంగమ్మ తల్లినేటంటాం? కూడెట్టిందీ ఆ తల్లే గదా."

తుఫాను వెలిశాక ఆడవాళ్లూ పిల్లలూ ఈ ఒడ్డున బంగారు రజను వెతుకుతారు. మునిగిన ఇళ్లదీ గుళ్లదీ ఆ పసిడి అంటారు పెద్దలు. కడలి గర్భంలో కరిగిన వీధులారా, పండగనాటి ముగ్గులారా, నా నేస్తాల కేరింతలారా! మిమ్మల్ని ఏ ఇసుకలో గాలించను?

గంగమ్మా, వేటకెళ్లిన బిడ్డలను ఒడ్డు చేర్చే దానివి నువ్వే. నావ లాగిపెట్టుకునే జానెడు ఇసుకైనా మిగల్చు తల్లీ! ఏలికలారా, రాయి కొట్టుకుపోయినప్పుడల్లా మరో రాయి వేసి ఊరుకోకండి. అలకు అందనంత ఎడంగా, వేటకు అందేంత చేరువలో ఈ జనానికి ఇంటిజాగాలివ్వండి. ఊరు పోయాక పాడే శోకగీతం ఎవరికి కావాలి? ఊరు మిగిలి ఉండగానే గొంతెత్తి ఏడుస్తున్నాను, వినండి!