గాలి తెలిసిన కెమెరా

కోలారు బంగారు గనుల (కేజీఎఫ్) చుట్టుపక్కల బయళ్లలో ఎగిరే గద్దలను ఫోటో తీయడానికి చాలామందే వస్తారు. వాళ్లలో పనిమంతులెవరో వాళ్లు నిలబడే చోటే చెప్పేస్తుంది. కెమెరా బయటికి తీయకముందే వాళ్లు గాలి ఎటు వీస్తోందో చూస్తారు.

అడవి రామదాసునే తీసుకుందాం. దాన్నే నల్లరెక్కల గద్ద అంటారు. అడుగు పొడవుండే పక్షి. పైన బూడిదరంగు, కింద తెలుపు, భుజాల మీద నల్లటి మచ్చలు, ఎర్రటి కళ్లు. గడ్డిలో ఎలుక మెదిలిందంటే గాలికి ఎదురు తిరిగి, రెక్కలాడిస్తూ ఆకాశంలో ఉన్నచోటే నిలుస్తుంది. ఒళ్లంతా కదులుతున్నా తల మాత్రం మేకు కొట్టినట్టు ఉంటుంది.

ఫోటోగ్రాఫర్ లెక్క ఇక్కడే మొదలవుతుంది. పక్షి గాలికి ఎదురుగా ఉంటుంది కాబట్టి, దాని ముఖం దొరకాలంటే గాలి మన వీపుకు తగలాలి. ఆ ముఖం మీద వెలుగు పడాలంటే ఎండ కూడా వీపుకే తగలాలి. కోలారు సీమలో చలికాలపు ఉదయాలు ఈ రెంటినీ కలిపి ఇస్తాయి. అప్పుడు గాలి ఎక్కువగా తూర్పు నుంచే వీస్తుంది, పొద్దూ అటే ఉంటుంది. నైరుతి రుతుపవనాల నెలల్లో పడమటి గాలి కనుక, మబ్బు విడిచిన సాయంత్రాలు అనుకూలం.

రెండో చిక్కు రెక్క అడుగున పడే నీడ. పొద్దెక్కేకొద్దీ పొట్ట, రెక్కల అడుగు నల్లబడి ఈకల వరసలు కలిసిపోతాయి. కేజీఎఫ్‌లో దీనికి గనులే ఒక ఉపాయం మిగిల్చిపోయాయి. రాయిని పిండి చేసి, సైనైడుతో బంగారం లాగేశాక మిగిలిన లేతరంగు మన్ను కొండలుగా పేరుకుంది. ఊళ్లో వాటిని సైనైడు దిబ్బలంటారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డా దిబ్బలు అలాగే ఉన్నాయి. ఆ మన్ను ఎండను పైకి తిప్పికొడుతుంది. దిబ్బ పక్కన తక్కువ ఎత్తులో తిరిగే గద్ద రెక్కల కింద ఆ వెలుగు పాకి, ఒక్కో ఈక అంచు విడిగా కనిపిస్తుంది. దీనికోసం దిబ్బ ఎక్కనక్కర్లేదు. ఆ దుమ్ము ఒంటికి మంచిది కాదు, దూరం నుంచే తీయాలి.

ఇక వేగం. సెకనుకు 10 మీటర్లు దూసుకుపోయే పక్షి, సెకనులో 250వ వంతు షట్టర్ తెరిచినా ఆలోపు 4 సెంటీమీటర్లు జరిగిపోతుంది. 2500వ వంతుకు తగ్గిస్తే జరిగేది 4 మిల్లీమీటర్లే. అందుకే దూకే గద్దకు అంత వేగం పెడతారు. గాలిలో నిలిచిన అడవి రామదాసుకు మాత్రం కొందరు కావాలనే 500వ వంతుకు దిగుతారు. రెక్కల కొసలు మసకబారతాయి, కన్ను మాత్రం స్పష్టంగా నిలుస్తుంది. నిశ్చలమైన తల, ఆగని రెక్క రెండూ ఒకే చిత్రంలో కనిపిస్తాయి. ఆ పక్షి పడే శ్రమ అప్పుడు మనకు అర్థమవుతుంది. తెల్లటి పొట్ట వెలుగుకు మాడిపోకుండా ఎక్స్‌పోజర్‌ను ముందే చేత్తో కట్టడి చేసుకోవడం కూడా ఈ పనితనంలో భాగమే.

1882లో ఫ్రాన్స్‌కు చెందిన ఎతియెన్ జూల్ మారే తుపాకీ ఆకారపు కెమెరాతో ఎగిరే పక్షిని సెకనుకు 12 బొమ్మలుగా పట్టాడు. ఇవాళ్టి కెమెరాలు 20, 30 తీస్తాయి, పక్షి కన్నును వాటంతటవే వెతికి పట్టుకుంటాయి. అయినా ఏ తీగ మీద పక్షి వాలుతుందో, ఎటు తిరిగి లేస్తుందో కెమెరాకు తెలియదు. అది రోజుల తరబడి చూసిన కంటికే తెలుస్తుంది. ఎర వేసి రప్పించినా, గూటి దగ్గరికి వెళ్లి బెదరగొట్టి లేపినా బొమ్మ దొరకొచ్చు కానీ, అందులో పక్షి తనంతట తాను బతికే తీరు ఉండదు.

ఈ బయళ్లలో తీసిన మంచి చిత్రం ఎదురైతే పక్షి అందంతో పాటు ఎండ ఎటు నుంచి పడిందో, గాలి ఎటు వీచిందో, కన్ను మీద గురి కుదిరిందో లేదో కూడా చూడండి. ఆ మూడూ కుదిరిన చిత్రం వెనక ఈ నేలను, ఈ గాలిని, ఆ పక్షిని ఓపికగా చదువుకున్న మనిషి ఉంటాడు. ఆ చదువుకు చేతులెత్తి మొక్కాలి.