చలనచిత్రమున కల్వము : గుర్తింపునకు ప్రమాణమేది?

పూర్వకాలపు కథను గ్రహించిన చలనచిత్రములందు పాత్రలేకాక, పాత్రల చేతనున్న పనిముట్లును విచారణీయములే. 1947లో కె. వి. రెడ్డి దర్శకత్వమున వెలువడిన 'యోగి వేమన' ఇందుకు తగిన ఉదాహరణము. అందు నాగయ్య ధరించిన వేమన, విరాగి కాకమున్ను బంగారము చేయు విద్యకై పాటుపడును. రసవాదికిని రసవైద్యునికిని మూస, పుటము, కల్వము ఉమ్మడి సాధనములు. కావున ఇట్టి ఘట్టములందు నూరుడుపాత్ర యొకటి కనబడినచో, అది వైద్యుని కల్వమా, వంటింటి రోలా యను సందేహము సహజము.

ఆకారమును మాత్రమే చూచి నిర్ణయించుట పొరపాటు. సంస్కృతమందలి 'ఖల్వ' శబ్దమే తెలుగున కల్వము, కలువము అయినది. సాధారణముగా మనమెఱిగినది దోనెవంటిది. కాని రసశాస్త్రగ్రంథములు అర్ధచంద్రాకారమును, వర్తులాకారమును, క్రింద నిప్పుంచి వేడిచేయు ఇనుప తప్తఖల్వమును గూడ పేర్కొన్నవి. గుండ్రముగా నున్నంతమాత్రమున రోలు కాదు.

ఆకారముకంటె క్రియ బలవత్తరమైన సాక్ష్యము. రుబ్బురోటిలో పొత్రము చుట్టును తిరుగును. దోనెకల్వమున గుండు ముందువెనుకలకు నడచును. పాదరసమును గంధకమును కలిపి నల్లని కజ్జలి యగువఱకు నూరవలెనన్న, జారిపోవు రసము నడుమకు చేరుటకు ఆ వాలు అనుకూలించును. రోటికి అరిగినప్పుడెల్ల గంట్లు వేయింతురు. కల్వము నునుపు దేరినకొలది మేలు. నటుని చేయి కదలిన తీరును గమనించినచో సగము సందేహము తీరును.

అయినను తెరమీది వస్తువు వేమన కాలమునకు సాక్షి కాదు. అది 1947 నాటి కళాదర్శకుల యెఱుకకు సాక్షి. నలుపుతెలుపుల చిత్రమున రాయి యేదో, ఇనుమేదో తేల్చుటయు కష్టమే. చప్పుడును నమ్మరాదు, దానిని వేఱుగ చేర్చి యుండవచ్చును.

ఇచ్చట ఉదయగిరి చరిత్ర మనకు పాఠము చెప్పుచున్నది. 1514లో దుర్గమును జయించిన శ్రీకృష్ణదేవరాయలు అచ్చటి బాలకృష్ణవిగ్రహమును హంపికి గొనిపోయి ప్రతిష్ఠించెను. స్థానము మాఱినను దాని పుట్టుక చెడలేదు. హంపి శాసనము దానిని కాపాడినది. కల్వమునకు శాసనము లేదు. దాని పేరు, దాని అరుగుదల, దానితో నూరిన చేతి జ్ఞాపకము, ఇవియే దానికి శాసనములు.

కావున ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములందు ఇంటింట వృద్ధులను కలిసి, మందునూరు సాధనముల పేర్లను, వానిని పట్టు తీరును వ్రాసికొనుట మన శాఖ చేపట్టదగిన పని. చిత్రము భద్రముగా నున్నంతకాలము వస్తురూపము నిలుచును. పలుకువారు పోయినపిదప పేరు మఱల దొరకదు. పేరు తెలియని వస్తువును తెరపై ఎన్నిమారులు చూచినను, చూచితిమే కాని గుర్తించితిమని చెప్పజాలము.